ఇంటింటి ముచ్చట: సూత్రధారిని మించిన ఆటగాండ్రు



ఈ నెల మాకు వచ్చిన యుత్తరములలో మందమర్రి నుండి వచ్చిన దొకటి మమ్ము మొదట నవ్వించి, పిమ్మట నాలోచనలోఁ బడవైచినది. వ్రాసిన సోదరి భర్త బొగ్గుబావిలో నుద్యోగి. (బావి యని మేము వ్రాయుచున్నాము గాని, యా ప్రాంతమువా రందఱును "బాయి" యనియే యందురు.) ఆమెకుఁ బదవ తరగతి చదువు కుమారుఁ డొకఁడు, ఎనిమిదవ తరగతి చదువు కుమార్తె యొకతె. వేసవి సెలవులలో నీ యిద్దఱును, ప్రక్కయింటి పిల్లలిద్దఱును గూడి, యెండలోఁ దిరుగక, కాగితములు, పెన్సిళ్లు, పాచికలు ముందు వేసికొని యొక కథల యాట యాడుచుండిరఁట. పిల్లలు నీడపట్టున నున్నారు గదా యని తల్లి సంతోషించినది. నాలుగవనాఁడు పెద్ద రగడ.

జరిగిన దిది. పిల్లవాఁడు మూఁడు రాత్రులు కూర్చుండి యొక పాడువడిన బొగ్గుబావిని కల్పించినాఁడు. నూఱేండ్ల క్రిందట మూసివేసిన బావి. దాని యడుగున, చిట్టచివరి సొరంగములో, నిప్పులు గ్రక్కు రాక్షసుఁ డొకఁడు బంగారపు పెట్టెకుఁ గావలి యున్నాఁడు. తక్కిన ముగ్గురు పిల్లలును వీరులు. వారు కత్తులతో డాళ్లతో లోపలికిఁ బోయి రాక్షసునితోఁ బోరాడుదు రని వాని యూహ. రాక్షసుని బల మెంత, వాని దెబ్బ యెంత, యెన్ని గాయములకుఁ గూలును, ఇవన్నియు లెక్క వ్రాసి పెట్టుకొన్నాఁడు. వీరులు సొరంగపు మొగముఁ జేరిరి. చెల్లెలు కత్తి తీయలేదు.

"అన్నా, లోపల గాలి ఆడుతున్నదా?" అని యడిగినది.

పిల్లవాఁడు భయము పుట్టింపవలె నని, "నూరేండ్ల సంది మూసి ఉన్నది. ఆకు గూడ కదలది" అన్నాఁడు.

"అయితే మేం లోపలికి రాం. ఒక రేకుడబ్బాకు పొడుగు తాడు కట్టి లోపల పెట్టి, అందరం పైకి పోతం. పైనుంచి తాడు గుంజి చప్పుడు చేస్తం. రాక్షసుడు లేస్తడు. కోపమొస్తే నిప్పు కక్కుతడు గద?"

"కక్కుతడు."

"గాలాడని బాయిల గ్యాసు నిండి ఉంటది. నాయిన చెప్పలేదా?"

ప్రక్కగదిలోఁ బండుకొనియున్న తండ్రి పక్కున నవ్వినాఁడఁట. ఆ నవ్వుతో పిల్లవానికి రోషము వచ్చినది. "ఆటల గ్యాసు లేదు, నేను రాయలేదు" అన్నాఁడు. "నువ్వే అంటివి గదన్నా, గాలాడదని" అన్నది చెల్లెలు. వాఁడు మూఁడు రాత్రుల కాగితములను నడిమికిఁ జించివేసినాఁడు. అన్నాచెల్లెండ్రు నాలుగు దినములుగా మాటలాడుకొనుట లేదు. "న్యాయ మెవరిదో మీరు చెప్పవలెను. ఆయనను అడిగినచో మరల నవ్వుచున్నారు" అని తల్లి వ్రాసినది.

తీర్పు చెప్పుటకు ముం దీ యాట యెట్టిదో యెఱుఁగని సోదరీమణుల కొకింత చెప్పవలసియున్నది. బల్ల చుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. అందొకఁడు కథను నడుపువాఁడు. మన నాటకములలోని పేరుతో వానిని సూత్రధారి యందము. తక్కినవా రొక్కొక్కరు నొక్కొక్క పాత్రను ధరింతురు. సూత్రధారి, "ఎదుట చీఁకటి గుహ యున్నది, నీటిచుక్కలు పడు చప్పుడు వినవచ్చుచున్నది" అనును. "మేము దివిటీ వెలిగించితిమి" అని వారందురు. కత్తి దెబ్బ తగిలినదా, గోడ నెక్కఁగలిగెనా యను సందేహము వచ్చినపుడు పాచిక వేయుదురు. ఆఱు ముఖముల పాచికయే కాక యిరువది ముఖముల పాచికయుఁ గలదు. తెరయు, రంగస్థలమును, వేషములును లేవు. గుహ యంతయు మాటలలోనే యుండును. సూత్రధారి నోటినుండి వెలువడిన ప్రతి మాటయు నా గుహలో నొక రాయి.

ఇది విదేశపుటాట యనుటలో సందేహము లేదు. అయినను అవ్వ చెప్పు కథను విన్న పిల్ల కిది క్రొత్త గాదు. "రాజకుమారుని పెట్టెలోఁ బెట్టి యేటిలో వదలినారు" అని యవ్వ యనఁగానే, ఊఁకొట్టుచున్న మనుమరాలు, "పెట్టెకు బెజ్జము పెట్టినారా? ఊపిరెట్ల యాడును?" అనును. ఆ క్షణమున నవ్వకు రెండు దారులున్నవి. "నోరు మూసికొని వినుము" అనుట యొకటి. "అయ్యో నిజమే, వడ్లవాఁడు జాలిగలవాఁడు, మూతకు మూఁడు బెజ్జములు పెట్టినాఁడు" అనుట రెండవది. రెండవ దారిఁ బోయిన యవ్వలకే మనుమరాండ్రు చుట్టు మూఁగుదురని మీకుఁ దెలియును.

ఈ యాట పుట్టుకయే సూత్రధారి యోటమి నుండి. అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములో డేవిడ్ వెస్లీ యను యువకుఁడు తన మిత్రులతోఁ గలసి సీసపు బొమ్మలతో యుద్ధక్రీడ లాడుచుండెడివాఁడు. 1969లో నాయన యొక క్రొత్త యేర్పాటు చేసెను. బ్రౌన్‌స్టైన్ అను కల్పిత పట్టణము, నెపోలియను కాలము. సేనలు వచ్చుటకు ముందు పట్టణములో నేమి జరుగునో చూతమని, వచ్చిన మిత్రులలో నొకనికి నగరపెద్ద పాత్రను, వేఱొకనికి విద్యార్థి పాత్రను, ఇట్లు పంచిపెట్టెను. ఒక్కొక్కరిని పిలిచి, చేయఁదలచిన దేమో విని, క్రమముగా నడుపవలె నని యాయన యుద్దేశము. జరిగినది వేఱు. ఆటగాండ్రు ఆయనను విడిచి మూలమూలలఁ జేరి తమలోఁ దాము మంతనము లాడసాగిరి. ఇరువురు ద్వంద్వయుద్ధమునకు సిద్ధపడి వచ్చి ఫలితము చెప్పు మనిరి. ద్వంద్వయుద్ధమునకు నియమము లాయన వ్రాసికొనలేదు. అప్పటి కప్పుడు కల్పించి చెప్పవలసివచ్చెను. చివరకు సేనలు రానేలేదు, యుద్ధము జరుగనేలేదు. ఆట చెడిపోయిన దని యాయన యనుకొనెను. మిత్రు లట్లనుకొనలేదు. "మరల నెప్పుడు?" అని యడిగిరి.

ఆ మిత్రులలో డేవ్ ఆర్నెసన్ అనువాఁ డొకఁడు. తరువాతి యాటలలో నొకదానికి వెస్లీ లాటిన్ అమెరికాలోని యొక చిన్న కల్పితదేశమును రంగముగాఁ జేసెను. ఆ దేశమున నల్లరులు, తిరుగుబాటు, సైన్యము, ధనాగారము అన్నియుఁ గలవు. ఆర్నెసనునకు వచ్చిన పాత్ర యొక విద్యార్థి విప్లవకారునిది. ఆయుధము పట్టని విప్లవము. కరపత్రములు పంచినకొలఁది వానికి గెలుపు లెక్కలు వచ్చును. చూచుట కేమియు లేని పాత్ర. తక్కినవారికి సైన్యము లున్నవి, వీనికిఁ గాగితపుఁ గట్ట యున్నది. ఆర్నెసన్ ఇంటినుండి వచ్చుచునే అమెరికా గూఢచారి సంస్థ వారి గుర్తింపుచీటి వంటి దొకటి తయారు చేసి జేబులోఁ బెట్టుకొని వచ్చెను. తన్నుఁ బట్టుకొని సోదా చేసినపు డది బయటఁబడవలె నని వాని పన్నాగము. బయటఁబడెను. అందఱును వానిని మాఱువేషమున నున్న గూఢచారి యని నమ్మిరి. నమ్మి, యల్లరులనుండి కాపాడు మని దేశపు ధనాగారమునే వాని చేతఁ బెట్టిరి! వాఁడు హెలికాప్టరులో నెక్కి దేశము విడిచిపోవుచు, మిగిలియున్న కరపత్రములను క్రింది జనసమూహము మీఁదికిఁ గ్రుమ్మరించెనఁట. కరపత్రముల లెక్క చూడఁగా నందఱి కన్నను మిన్నగా గెలిచినవాఁడు వాఁడే.

ఇందులో మోస మున్నది గదా యని మీ రనవచ్చును. పాత్రలను మోసగించినాఁడు గాని యాటను మోసగింపలేదు. పాచికలను దిరుగవేయలేదు, లెక్కలు దిద్దలేదు. తనకు వచ్చిన బక్కపాత్రతోనే గెలిచినాఁడు. అంత కన్నను మమ్మాకర్షించినది వెస్లీ నడవడి. "నే నిట్లు వ్రాయలేదు" అని యాయన యనలేదు. ఆ గుర్తింపుచీటిని తన దేశములోనికి రానిచ్చెను. ఆ యుదారబుద్ధి లేకున్న నీ యాటయే లేదు. ఏలయన నాయన యొద్ద నేర్చిన యా యార్నెసనే 1971లో బ్లాక్‌మూర్ అను కోటను, దాని క్రింది నేలమాళిగలను గల్పించి మిత్రులను లోపలికిఁ దింపెను. గ్యారీ గైగాక్స్ అను నాయన యతనితోఁ జేరి, యిరువురును గలసి 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర నియమములను బ్రకటించిరి. మొదట వేసినవి 1000 ప్రతులు. నేఁ డా యాట తెలియని దేశము లేదు. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను మరణించిరి.

నేలమాళిగ యనఁగానే మందమర్రి గుర్తునకు వచ్చుట సహజము. 1974 నాఁటి యా మొదటి పుస్తకములో వీరులు కొనుక్కొనఁదగిన వస్తువుల పట్టిక యొకటి కలదు. కత్తులు, కవచములు, గుఱ్ఱములు మొదలగువాని నడుమ పది యడుగుల కఱ్ఱ యొకటి కనఁబడును. అది యుద్ధమునకుఁ గాదు. తెలివిగల యాటగాఁడు చీఁకటిలో నడుగు వేయుటకు ముం దా కఱ్ఱతో నేలను గొట్టి చూచును. బోలుగా మ్రోగిన నచ్చట గొయ్యి యున్న దని యర్థము. సూత్రధారు లెంతో శ్రమపడి త్రవ్విన గోతు లీ కఱ్ఱవలన వ్యర్థమైనవి. వా రా కఱ్ఱ నెంత ద్వేషింతురో యాడువారు నవ్వుచుఁ జెప్పుకొందురు.

బొగ్గుబావిలో నీ పని కల్పన గాదు. సొరంగములోఁ బని మొదలు పెట్టుటకు ముందు సర్దారు కఱ్ఱతోఁ బైకప్పును దట్టి చూచును. గట్టికప్పు ఖణ్ మని పలుకును. పొర విడిన కప్పు డొల్లగా, డప్పువలె పలుకును. ఆ చప్పుడు విన్నచోటికిఁ బనివాండ్రను బోనీయక, దానిని దింపివేయుటయో, క్రింద దిమ్మెలు నిలుపుటయో చేయుదురు. గాలి సంగతియు నట్లే. బొగ్గుపొరలలో నుండి వెలువడు మీథేను వాయువు గాలికన్నఁ దేలిక. గాలి యాడనిచోటఁ బైకప్పు క్రింద చేరును. నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్ల వఱకు గాలితోఁ గలిసినపుడు నిప్పురవ్వ తగిలిన నది ప్రేలును. 1815లో హంఫ్రీ డేవీ కనిపెట్టిన వలదీపమును వత్తి తగ్గించి యెత్తి పట్టినచో, నట్టి వాయువున్నచోట జ్వాలమీఁద లేఁత నీలిరంగు టోపీ కనఁబడును. నేఁ డందులకు యంత్రములు వచ్చినవి. సింగరేణి బొగ్గును 1889 నుండి త్రవ్వుచున్నారు. అన్ని తరములుగా నీ మాటలు బావిలో నుండి యింటికి, వంటయింటి గడప దాఁక వచ్చి చేరినవి.

స్త్రీల కివి వినికిడి మాటలుగానే యుండుటకుఁ గారణము లేకపోలేదు. 1952 నాఁటి గనుల చట్టము స్త్రీలను భూగర్భపుఁ బనినుండి నిషేధించినది. 2019లోఁ గాని ప్రభుత్వము సాంకేతికపు పనులలోను, పర్యవేక్షణలోను, పగటివేళ, వారి సమ్మతిపైఁ గొన్ని నియమములతో దిగుటకు సెలవీయలేదు. అంతవఱకు మందమర్రి యిల్లాలు బావిని మాటలతోడనే చూచినది. భర్త యన్నము తినుచు, "ఇయ్యాల కప్పు మంచిగ లేకుండె" అనిన చాలును, ఆమె కన్నుల యెదుట సొరంగము నిలుచును. ఎన్నఁడును జూడని చీఁకటిని మాటలవలన నెఱుఁగుట, ఏ మాట వెనుక నేమి యపాయ మున్నదో పసిగట్టుట, అడుగవలసిన ప్రశ్న నడుగుట. ఈ యాటలో నేర్పనఁగా నింతియే. ఆ బాలిక యీ విద్యను నాలుగు దినములలో నేర్చినది గాదు.

ఇఁక సూత్రధారి పగబట్టి గోతులు త్రవ్విన కథ యొకటి. గైగాక్స్ ఇంట నాడువారిలో నిరువురు మేటులుండిరి. ఒకఁడు రాబ్ కుంట్జ్, వాని పాత్ర పేరు రాబిలార్. రెండవవాఁడు గైగాక్స్ కన్నకొడుకే, ఎర్నీ, వాని పాత్ర పేరు టెన్సర్. ఎంత కఠినమైన గుహ పన్నినను వీరు క్షేమముగా బయటఁబడుచుండిరి. వీరిని దిగఁదీయవలె ననియే యొక గోరీని గల్పించితి నని గైగాక్స్ తానే చెప్పికొనెను. కొడుకు పాత్రను బొరిగొనుటకు తండ్రి సమాధి కట్టుట! దానిని 1975లో ఒరిజిన్స్ అను ఆటల కూటములోఁ బోటీకి నిలిపి, 1978లోఁ బుస్తకముగా వేసిరి. అందుఁ గొట్టుటకు శత్రువు లెక్కువ లేరు. ఎక్కడఁ జూచినను మాయలే. ఒక నడవ చివర పచ్చని రాక్షసముఖ మొకటి నోరు తెఱచికొని యుండును. ఆ నోటిలోనికి దూఱినవాఁ డిఁక లేఁడు.

కుంట్జ్ దానిని గెలిచెను. ఎట్లన, తన రాబిలార్ పాత్ర వెంట నున్న ఓర్కు లను వికృతరూపపు సేవకులను ముందు నడిపించి, వారు పడిన గోతులను దాను దాఁటిపోయెను. సేవకులు చచ్చిరి, దొర నిధితో వచ్చెను. ఆటగాండ్రు దీనిని గొప్ప యుపాయముగాఁ జెప్పుకొందురు. మందమర్రి వంటి యూర నీ కథ చెప్పినచో నెవరు నవ్వుదురో మాకుఁ దెలియదు. ముందెవరు దిగవలె నను ప్రశ్న కచ్చట వేఱు బరువు గలదు. అవి కాగితపు సేవకు లనియు, నియమమున కడ్డుపడ లేదనియు మే మెఱుఁగుదుము. అయినను మే మా బల్ల దగ్గఱ నున్నచో సూత్రధారికి చెవిలో నొక మాట చెప్పియుందుము: "మూఁడవ సేవకుఁడు ముందునకుఁ బోవ ననుచున్నాఁ డని చెప్పుము, ఏమి చేయునో చూతము." సేవకులకును బ్రాణముల మీఁదఁ దీపి యుండునని గుర్తు చేయుట సూత్రధారి హక్కు. అది నియమమును మార్చుట గాదు, ఆ లోకమును నిజము చేయుట.

అదే గోరీని గూర్చి వేఱొక కథ గలదు. ఇదియే మాకుఁ బ్రియము. లోపల సింహాసనముమీఁద నొక కిరీటమును రాజదండమును నుండును. కిరీటము ధరించినవాని కా దండము తప్పుకొన తగిలిన, వాఁడు పొడియైపోవును. అది యాటగాండ్రకుఁ బన్నిన వల. ఒక జట్టువా రా వలను బాడు చేయలేదు, పాఱవేయలేదు. మోసికొనిపోయి, కడపటి గదిలో నున్న మాంత్రికుని పుఱ్ఱెమీఁద నా కిరీటమునే యుంచి, దండపుఁ దప్పుకొనను దాఁకించి రని చెప్పుకొందురు. సూత్రధారి వస్తువులతో సూత్రధారినే గెలుచుట! బయటినుండి తెచ్చిన దొక్కటియు లేదు.

మన వారి కిట్టి పోటి క్రొత్త గాదు. అష్టావధానములో నెనమండ్రు పృచ్ఛకులు చుట్టుఁజేరి యొక్కని నిఱికించుట చూచినవారే మీరు. నిషిద్ధాక్షరిలో నవధాని పెదవిమీఁదికి రాఁబోవు నక్షరమును పసిగట్టి పృచ్ఛకుఁడు వలదనును. అవధాని యింకొక యక్షరము పట్టును. అర్థమును చెడరాదు, ఛందమును చెడరాదు. "ఈ యక్షర మాఁపుదు వని నే ననుకొనలేదు, పద్యము చించివేయుచున్నాను" అన్న యవధాని నింతవఱకు మేము వినలేదు. పులిజూదములో మూఁడు పులులు, పదునైదు మేఁకలు. మేఁకకుఁ జంపు శక్తి లేదు, చోటు మూయు శక్తి మాత్రమే యున్నది. ఆ శక్తితోడనే పులులను గదలనీయక కట్టివేయుచున్నవి.

ఇఁక తీర్పు. చెల్లెలిదే న్యాయము. ఆమె గ్యాసును దెచ్చి యాటలోఁ బెట్టలేదు. అన్నయే మూసిన బావి యనెను, అన్నయే గాలి యాడ దనెను, అన్నయే రాక్షసుని నోట నిప్పు పెట్టెను. మూఁటిని గలిపిన దామె. కలుపుటకు ముం దడిగి సమాధానము పొందినది. వ్రాసికొన్నది మాత్రమే సూత్రధారి మాట గాదు, నోట పలికినదియు వాని మాటయే.

అట్లని తెలివి పేర జరుగున దెల్ల తెలివి గాదు. ఈ యాట యాడువారిలో నొక వేడుక ప్రచారములో నున్నది. వేలకొలఁది రైతులను వరుసగా నిలిపి, యొక గడను చేతినుండి చేతికి నందింపు మందురు. నియమము ప్రకార మందఱి వంతులును ఆఱు సెకండ్లలో ముగియును గనుక, నా గడ మైళ్ల దూరము నాఱు సెకండ్లలోఁ బోవలెను. కనుక చివరి రైతు చేతినుండి యది ఫిరంగిగుండువలె దూసికొనిపోవు నని వాదము. ఇది యక్షరమును బట్టుకొని యర్థమును జంపుట. సూత్రధారి దీనిని నవ్వి త్రోసివేసిన మేము తప్పు పట్టము. ఆ బాలిక చేసినది దీనికి సరిగా వ్యతిరేకము. ఆమె పట్టుకొన్నది నియమమును గాదు, బావిని.

కాని యా యన్నగారి దుఃఖమును తండ్రివలె నవ్వి తీసివేయుట మాకు సమ్మతము గాదు. మూఁడు రాత్రులు కూర్చుండి రాక్షసుని తీర్చిదిద్దినాఁడు. వాఁ డొక్క దెబ్బయైనఁ గొట్టకమున్నే ముగిసిపోయినాఁడు. ఉదయమునుండి పొయ్యి దగ్గఱ నిలిచి బూరెలు, పులిహోర, గుత్తివంకాయ వండి పెట్టఁగా, వచ్చినవారు "ఎండలోఁ బడి వచ్చితిమి, మజ్జిగయన్నము చాలు" అనినపుడు మనకుఁ గలుగు నుసూరు మనుటయే యిది. దానికి మందు నవ్వు గాదు. ఆ రాక్షసుని లెక్కల కాగితముల నతికించి, "ఈతఁడు మఱియొక గుహలోఁ బనికివచ్చును" అని తల్లి చేతికీయవలెను. ఈతఁ డెట్టివాఁడో పిల్లలింకను చూడలేదు గదా. (అతికించుటకు మైదాపిండి యుడికించిన జిగురు మంచిది, అంగడి పట్టీ యెండకు లేచిపోవును.)

మఱియొక మాట వానితోఁ జెప్పవలెను. చెల్లె లాట ముగించినది గాదు, వానికి మేలైన యాట నిచ్చినది. ప్రేలుడు జరిగిన దనుము. కప్పు కూలినది, బంగారు పెట్టె రాళ్ల క్రింద నున్నది. అంతకు మించిన దొకటి గలదు. బావిలోఁ బ్రేలుడు తరువాత మిగులు గాలి ప్రేలుడుకన్న నపాయకరము. అందు కార్బన్ మోనాక్సైడు చేరి యుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. గెలిచితి మని సంతోషముతో లోపలికిఁ బఱుగెత్తినవాఁడు తిరిగి రాఁడు. "సరే చెల్లీ, రాక్షసుఁడు చచ్చినాఁడు. లోపలికి వత్తువా?" అని యన్నగారు మెల్లగా నడిగియుండిన, నా యమ్మాయి మొగము చూడవలసినదే! ఆమె బావి నామెపైఁ ద్రిప్పుట. ఇది యంతయు న్యాయమే. అప్పుడు తాజాగాలిని లోపలికిఁ బంపుట యెట్లు, రాళ్లు తొలఁగించుట యెట్లు అని ముగ్గురును దల లొక్కచోటఁ జేర్తురు. తండ్రి నవ్వుట మాని మంచము దిగి వచ్చి బల్ల దగ్గఱఁ గూర్చుండును. ఆయనను నొక పాత్ర తీసికొ మ్మనవలెను. సర్దారు పాత్ర మాత్ర మీయరాదు. ఇంట నైన నాయన వేఱొక పని చేయవలెను గదా.

అన్నయు మగపిల్లవాఁడును, చెల్లెలు నాఁడుపిల్లయు నగుటచే నీ తగవు ముదిరినదా యని తల్లి యుత్తరపుఁ జివర నొక పంక్తి వ్రాసి కొట్టివేసినది. కొట్టివేసినను జదువవచ్చినది. అది కొంత నిజమే యని మా యనుమానము. ప్రక్కయింటి బాలుఁ డదే యుపాయము చెప్పినచో, "అబ్బ, భలే చెప్పినవు" అనియుండునేమో. తరువాతి యాటకు సూత్రధారిత్వమును జెల్లెలి కీయుఁడు. ఆమె మూఁడు రాత్రులు కూర్చుండి వ్రాసినదానిని అన్న మూఁడు నిమిషములలోఁ బడఁగొట్టునేమో చూతము. ఆమె కాగితములు చించునో చించదో మాకును వినవలె నని యున్నది.

ఈ యాటను ఇంట మొదలు పెట్టఁగోరు సోదరీమణులకుఁ బెద్ద యేర్పాటు లక్కఱలేదు. ఇరువది ముఖముల పాచిక లేకున్న 1 మొదలు 20 వఱకు చీటీలు వ్రాసి గిన్నెలో వేసి తీయించినఁ జాలును. అంకె పెద్దదైనకొలఁది పని నెఱవేఱు నని యనుకొనుఁడు. దేని కెంత యంకె కావలెనో మాత్రము చీటీ తీయుటకు ముందే నోటితోఁ జెప్పవలెను. తీసిన తరువాత మార్చరాదు. కడపటి గదికి నొక్కటే దారి పెట్టుకొనకుఁడు. పిల్లలు రెండవది త్రవ్వుదురు.

ఈ నెల కొక గది నిచ్చుచున్నాము. ఒక్కటే తలుపు, దానికిఁ దాళము. గదినడుమ గోడనుండి గోడవఱకు లోఁతైన నీటిమడుగు. అందొక మొసలి. ఆవలి గట్టున మేకునకుఁ దాళపుచెవి వ్రేలాడుచున్నది. మడుగునకు సరిగాఁ బైన, గొలుసుతోఁ గట్టిన పెద్ద యిత్తడి గంట. మీ పిల్లల యొద్ద నున్నవి పది యడుగుల కఱ్ఱ, ఒక కంబళి, దోసెఁడు మరమరాలు. మొసలికి నాఁకలి యున్నదో లేదో వా రడుగువఱకు మీరును నిశ్చయించుకొనకుఁడు. దీనికిఁ బరిష్కారము మాయొద్ద లేదు, వ్రాసికొనలేదు. మీ యిండ్లలోఁ బిల్ల లేమి చేసిరో వచ్చు నెల పదియవ తేదిలోఁగా మాకు వ్రాయుఁడు. మీకుఁ గోపము వచ్చినచో నదియు వ్రాయుఁడు.